మహమ్మారి కాలమున శాసనసభ్యుడు, బడి, పంచాయతీ

ఆపద వచ్చినపుడు ప్రజలు తామెన్నుకొన్న ప్రతినిధి యింటి తలుపే మొదట తట్టుదురు. అంతమాత్రమున ఆయన ఒక్కడే అన్నియు చేయగలడనుకొనుట పొరపాటు. ఆయన చేయి బలమంతయు గ్రామమందును, వీధియందును పనిచేయు సభ్యులు తెలుపు సమాచారమునందున్నది. 2020లో వచ్చిన కోవిడ్ మహమ్మారి ఈ సంగతిని స్పష్టముగా చూపినది.

హైదరాబాదు తూర్పు భాగమున గల దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములను చూడుడు. విజయవాడ రహదారి నగరమును విడుచునది ఈ దిక్కుననే. నల్లగొండ, సూర్యాపేట మొదలగు జిల్లాల పల్లెలనుండి వచ్చి కూలి, చిన్న వర్తకములతో ఇచట జీవించువారు అనేకులు. జనము ఒకే పేట యనుకొను ఈ ప్రాంతము శాసనసభ లెక్కలో ఒకే నియోజకవర్గము కాదు. కొత్తపేట, చైతన్యపురి ఎల్.బి.నగర్‌లోనివి, సరూర్‌నగర్ మహేశ్వరములోనిది. 2018 ఎన్నికలలో ఎల్.బి.నగర్ నుండి శ్రీ దేవిరెడ్డి సుధీర్ రెడ్డి, మహేశ్వరమునుండి శ్రీమతి సబితా ఇంద్రారెడ్డి గెలుపొందిరి. ఇంద్రారెడ్డిగారు 2019 సెప్టెంబరు నుండి 2023 డిసెంబరు వరకు రాష్ట్ర విద్యాశాఖను నిర్వహించిరి.

2020 మార్చిలో బడులు మూతపడినవి, రాకపోకలు నిలిచినవి, దినకూలి ఆగినది. ప్రభుత్వము ఆహారభద్రతా కార్డుగల కుటుంబమున మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1,500 రూపాయలు ప్రకటించెను. వలస కూలీలకు తలకు 12 కిలోల ధాన్యము, 500 రూపాయలు ఇచ్చునట్లు నిర్ణయించెను. ఆ మార్చి నెలాఖరున ముఖ్యమంత్రి మొదలు శాసనసభ్యులు, స్థానిక సంస్థల ప్రతినిధులవరకు అందరి వేతనములందు 75 శాతము కోత విధింపబడెను. ఏప్రిల్‌లో కేంద్రము పార్లమెంటు సభ్యుల నియోజకవర్గ నిధులనుకూడ నిలిపివేసెను.

ఇట్టి స్థితిలో శాసనసభ్యుని ముఖ్యమైన పని సొంత దానము కాదు. మంజూరైన సహాయము తగినవారికి చేరునట్లు చూచుట, చేరనివారి సంగతి అధికారులకు తెలిపి ఒత్తిడి చేయుట, సభలో ప్రశ్నించుట ఆయన విధులు. కార్డులేని కుటుంబమేదో, వృద్ధురాలొంటరిగా ఉన్న ఇల్లేదో ఆయనకెట్లు తెలియును? ఆ వీధివారు చెప్పినప్పుడే తెలియును.

బడుల విషయము ఇంకను క్లిష్టము. 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారములద్వారా పాఠములు మొదలైనవి. టెలివిజన్‌గాని, చేతి ఫోనుగాని లేని ఇంటి పిల్లవానికి పాఠము ఎక్కడిది? తొమ్మిది, పది తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరువబడినను, మార్చిలో మరల మూతపడినవి. పూర్తిగా తెరచినది ఆ సెప్టెంబరులోనే. ఈ మధ్యకాలమున ప్రైవేటు బడులలో జీతము ఆగిన ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చు పథకమును 2021 ఏప్రిల్‌లో ప్రకటించిరి. జీతము కట్టలేని తల్లిదండ్రులు తమ బిడ్డలను ప్రభుత్వ బడికి పంపనారంభించిరి. పని పోయి నగరమును విడిచి పల్లెచేరిన కుటుంబముల పిల్లలు మీ ఊరి బడి వాకిట నిలిచిరి.

ఇచట పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన చట్టమొకటి కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 6 నుండి 14 ఏండ్ల బిడ్డ ప్రభుత్వ బడికి మారగోరినచో, బదిలీపత్రము ఆలస్యమైనదను కారణమున చేర్చుకొనకుండుట తగదు. వయస్సు ఋజువు లేదనియు నిరాకరింపరాదు. పాతబడి బాకీ కొరకు పత్రమును పట్టియుంచినను, బిడ్డ చదువు ఆగనక్కరలేదు. ఈ మాట తెలియక ఒక ఏడు పోగొట్టుకొన్న పిల్లవాడు మరల బడికి రాక కూలికి పోవుట, ఆడపిల్ల పెండ్లికి సిద్ధమగుట జరుగును.

బడి కట్టడముల విషయమున 2022 మార్చి 8న వనపర్తిలో "మన ఊరు-మన బడి" ప్రారంభింపబడినది. అందు మూడు విడతలలో 26,065 బడులను బాగుచేయ నిర్ణయించిరి. నగరములందు అదే "మన బస్తీ-మన బడి". పథకముల పేర్లు మారుచుండును. నీరు, మరుగుదొడ్డి, గదుల కొరత మాత్రము మారదు. దానిని చూచి వ్రాసియుంచువారుండవలెను.

కావున ప్రతి పంచాయతీయు మూడు పట్టికలు సిద్ధముగా నుంచుకొనుట మేలు: కార్డులేని కుటుంబములు, బడి మానిన, బడి మారిన పిల్లలు, బడిలోని కొరతలు. ప్రధానోపాధ్యాయుని సంతకముతో వీటిని మండల విద్యాధికారికిని, మీ శాసనసభ్యునికిని పంపి, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. నోటిమాట మరువబడును, పేరు, ఇంటిసంఖ్య గల కాగితమునకు సమాధానము చెప్పక తప్పదు. మరొక మహమ్మారి ఎప్పుడు వచ్చునో ఎవరెరుగుదురు? పట్టికలు నేడే వ్రాయవచ్చును.