కారు స్పీకర్లు - యాంప్లిఫయరు క్షేమము

అచ్చంపేట నుండి మన్ననూరు మీదుగా అమ్రాబాదు పీఠభూమికి ఎక్కు దారిలో, చైత్ర పూర్ణిమ నాటి సలేశ్వరము జాతరకు పోవు వాహనముల రద్దీ హెచ్చుగా నుండును. పెక్కు కార్లలో పాటలు మ్రోగుచుండును. కారుతో వచ్చిన స్పీకర్లు చాలవని మరి రెండు కొని, ఉన్న తీగలకే ముడివేయువారు కలరు. మొదట అవి బాగుగనే మ్రోగును. ఘాటు ఎక్కుచుండగా పాట తెగి తెగి వినిపించి, కొంతసేపటికి ఆగిపోవును. యాంప్లిఫయరుపై చేయి పెట్టినచో చురుక్కుమనును. దోషము యాంప్లిఫయరుదా, స్పీకర్లదా? చాలవరకు రెంటిదియు కాదు. వాటిని కూర్చిన విధానముదే దోషము. దీనిని గ్రహించుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన విద్యుత్ పాఠమే చాలును.

అవరోధమన నేమి?

స్పీకరులో ఒక శంకువు, దాని మొదట సన్నని తీగచుట్ట, ఆ చుట్టను ఆవరించి అయస్కాంతము ఉండును. 1925లో రైస్, కెలాగ్ అను అమెరికా ఇంజనీర్లు వివరించిన నిర్మాణమే నేటికిని ముఖ్యముగా వాడుకలో నున్నది. తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించినపుడు చుట్ట ముందు వెనుకలకు కదలును. దానితో శంకువు కదలి గాలిని కంపింపజేయును.

తీగకు నిరోధము కలదు. అది చుట్టగా నున్నందున ప్రేరకత్వము కూడ కలదు. అంతియే గాక, అయస్కాంత క్షేత్రములో కదలుచున్న చుట్టలో ఎదురు వోల్టేజి పుట్టును. ఇవన్నియు కలిసి ఏకాంతర విద్యుత్తును అడ్డగించు మొత్తమునకే అవరోధమని పేరు. దీనికి 1886లో ఇంగ్లండు దేశీయుడగు హెవిసైడ్ 'ఇంపిడెన్స్' అని నామకరణము చేసెను. దీనిని కూడ ఓమ్‌లలోనే కొలుతురు.

అవరోధము పౌనఃపున్యముతో మారుచుండును. '4 ఓమ్‌లు' అని వ్రాసియున్న స్పీకరును మల్టీమీటరుతో కొలిచిన 3 లేక 3.5 ఓమ్‌లు మాత్రమే చూపవచ్చును. మీటరు చూపునది తీగ నిరోధమును మాత్రమే గనుక ఇది దోషము కాదు. శంకువు అనునాదము చెందు పౌనఃపున్యము వద్ద అదే స్పీకరు అవరోధము పలు రెట్లు పెరుగును. కావున 4 ఓమ్‌లన్నది లెక్కల సౌకర్యమునకై పెట్టుకొన్న నామమాత్రపు విలువ.

శ్రేణి, సమాంతరము

రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను ఒకదాని వెనుక నొకటిగా, అనగా శ్రేణిలో కలిపిన మొత్తము 8 ఓమ్‌లగును. రెంటిని అవే రెండు తీగలకు పక్కపక్కన, అనగా సమాంతరముగా కలిపిన 2 ఓమ్‌లే అగును. మూడింటిని సమాంతరముగా కలిపిన 1.33, నాలుగింటిని కలిపిన 1 ఓమ్ మాత్రమే మిగులును.

స్పీకర్లు పెరిగినకొద్ది అవరోధము తగ్గుట విద్యార్థులకు వింతగా తోచును. చెరువు తూములను తలచుకొన్న ఆ వింత తొలగును. ఒక తూము తెరచినచోట రెండు తెరచిన నీరు పోవుటకు అడ్డు తగ్గును, ప్రవాహము రెండింతలగును. నష్టము తూములకు కాదు, చెరువుకు. ఇచ్చట చెరువు స్థానములో నున్నది యాంప్లిఫయరు.

వేడి ఎట్లు పుట్టును?

ఇంజను నడుచుచుండగా కారులో సుమారు 14.4 వోల్టులు లభించును. కారు రేడియోలోని యాంప్లిఫయరు సామాన్యముగా వంతెన పద్ధతిలో నుండును. అనగా స్పీకరు రెండు కొసలను రెండు అర్ధభాగములు ఎదురెదురు దిశలలో నడుపును. అపుడు స్పీకరుపై గరిష్ఠ వోల్టేజి సుమారు 14.4, దాని వర్గమధ్యమూల విలువ 10.2 వోల్టులు. 4 ఓమ్‌లకు 2.55 ఆంపియర్లు, 26 వాట్లు వచ్చును. ట్రాన్సిస్టర్లలో పోవు నష్టమును తీసివేసిన ఇంకను తక్కువ.

అదే చానెలుకు రెండు స్పీకర్లను సమాంతరముగా కట్టిన 2 ఓమ్‌లై, విద్యుత్తు 5.1 ఆంపియర్లకు పెరుగును. యాంప్లిఫయరు లోపల పుట్టు ఉష్ణము కూడ రెండింతలగును. దాని లోహపు రెక్కలు 4 ఓమ్‌ల భారమునకు తగినట్లు చేసినవి. అంత వేడిని అవి వెలువరింపలేవు. రక్షక వలయమున్నచో అది యాంప్లిఫయరును ఆపివేయును. చల్లారిన పిమ్మట మరల పనిచేయనిచ్చును. ఘాటులో పాట తెగి తెగి వినిపించుటకు కారణమిదియే. రక్షక వలయము లేనిచో ట్రాన్సిస్టర్లు కాలిపోవును.

మరి పెట్టెపై '50 వాట్లు, 4 చానెళ్లు' అని యుండునే! 14.4ను 14.4తో గుణించి 4తో భాగించిన 51.84 వచ్చును. సంగీతమంతయు నలిగి చదరపు తరంగముగా మారినపుడు మాత్రమే లభించు సంఖ్య యిది. వినదగిన పాటకు ఆ లెక్క చెల్లదు.

క్షేమమైన కూర్పులు

ఉత్తమమైన పద్ధతి, ఒక్కొక్క స్పీకరుకు ఒక్కొక్క చానెలు నిచ్చుట. ఒకే చానెలుకు నాలుగు 4 ఓమ్‌ల స్పీకర్లు కట్టవలసివచ్చిన, రెండేసి శ్రేణిలో కలిపి రెండు జతలు చేయవలెను. ఒక్కొక్క జత 8 ఓమ్‌లు. ఆ రెండు జతలను సమాంతరముగా కలిపిన మరల 4 ఓమ్‌లే వచ్చును.

మూడు స్పీకర్లతో చిక్కు కలదు. రెంటిని శ్రేణిలో నుంచి మూడవదానిని సమాంతరముగా కలిపిన 2.67 ఓమ్‌లగును. 4 ఓమ్‌ల యాంప్లిఫయరుకు ఇది తగదు. పైగా ఒంటరి స్పీకరుకు చేరు సామర్థ్యములో నాల్గవ వంతే జతలోని ఒక్కొక్కదానికి చేరును. అట్లే 4, 8 ఓమ్‌ల స్పీకర్లను శ్రేణిలో కలిపిన 8 ఓమ్‌లదానికి రెట్టింపు సామర్థ్యము పోవును. సమాంతరములో కలిపిన 4 ఓమ్‌లదానికి పోవును.

వేరుగా కొన్న యాంప్లిఫయరుపై 'ఒక్కొక్క చానెలుకు కనిష్ఠము 2 ఓమ్‌లు' అని యున్నను, దాని రెండు చానెళ్లను వంతెనగా కలిపినపుడు కనిష్ఠము 4 ఓమ్‌లగును. ఏలయన ఒక్కొక్క అర్ధభాగము భారములో సగమునే చూచును.

జాగ్రత్తలు

పని మొదలిడుటకు ముందు బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పవలెను. యాంప్లిఫయరుకు పోవు తీగలో బ్యాటరీకి దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. లేనిచో తీగ ఒరసి కారు రేకును తాకినపుడు మంట పుట్టవచ్చును. వంతెన పద్ధతిలో స్పీకరు తీగ దేనినైనను కారు దేహమునకు కలుపరాదు. రెండు చానెళ్ల తీగలను కలిపి ముడివేయరాదు.

ధన, రుణ గుర్తులను పాటింపవలెను. ఒక స్పీకరు తలక్రిందుగా కలిసిన, ఒక శంకువు ముందుకు పోవునపుడు మరొకటి వెనుకకు పోయి మంద్రస్వరములు క్షీణించును. గుర్తు చెరిగిపోయిన పెద్ద స్పీకరుకు 1.5 వోల్టుల ఘటమును క్షణకాలము తాకింపుడు. శంకువు బయటకు కదలినచో ఘటపు ధనధ్రువము తాకిన కొసయే ధనము. ఇది తరగతిలో చూపదగిన ప్రయోగము. రెండు పాత స్పీకర్లను శ్రేణిలోను, సమాంతరములోను కలిపి మల్టీమీటరుతో కొలిచి లెక్కతో సరిచూచుట మరొకటి.

ఫలమెంత?

ఇంత శ్రమపడి స్పీకర్లను పెంచిన ధ్వని ఎంత పెరుగును? సామర్థ్యము రెండింతలైనను ధ్వనిస్థాయి 3 డెసిబెల్లులే పెరుగును. చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు 10 డెసిబెల్లులు, అనగా పదింతల సామర్థ్యము కావలెను. పైన చెప్పిన నాలుగు స్పీకర్ల కూర్పులో మొత్తము సామర్థ్యము పెరగనే పెరగదు. ధ్వని కారంతటను సమముగా వ్యాపించును. అదియే దాని ప్రయోజనము. మూడు డెసిబెల్లులకు ఆశపడి యాంప్లిఫయరును కాల్చుకొనుట లాభసాటి బేరము కాదు.

మన్ననూరు దాటిన పిమ్మట దారికి ఇరువైపుల నున్నది పులుల అభయారణ్యము. అచ్చటి మృగములకు మన పాట వినోదము కాదు, బెదురు. స్పీకర్లు ఎన్ని యున్నను ఆ దారిలో వాటి నోరు కట్టుటయే మేలు. ఆ పనికి ఏ లెక్కయు అక్కరలేదు. ఒక మీట చాలును.