గెలుపు ముందా.. ఆట ముందా?
* బాలల ఫుట్‌బాల్‌లో గట్టున కూర్చునే చిన్నారులకు న్యాయమేదీ?
* పన్నెండేళ్ల వరకు నేర్పడం, ఆ తర్వాతే గెలవడం మేలు

ఉయ్యూరు: బాలల ఫుట్‌బాల్ పోటీ జరిగే మైదానంలో తరచూ కనిపించే దృశ్యమిది. పదకొండు మంది ఆడుతుంటారు. నలుగురైదుగురు గీత అవతల కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. జట్టు గెలుస్తుంది. కూర్చున్న వారు బంతిని తాకకుండానే ఇంటిముఖం పడతారు. కొన్నాళ్లకు మైదానానికి రావడమే మానేస్తారు. జట్టుకు కప్పు దక్కిందని సంతోషించాలా, నలుగురు ఆటగాళ్లు దూరమయ్యారని చింతించాలా అన్నదే ప్రశ్న.

ఒత్తిడి ఎక్కడిది?
పాఠశాల క్రీడలు మండలం నుంచి మొదలై జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల వరకు అండర్-14, 17, 19 విభాగాల్లో సాగుతాయి. నాకౌట్ పోటీలో ఒక్క ఓటమితో ఏడాది శ్రమ ముగిసిపోతుంది. పై స్థాయి ధ్రువపత్రం ఉంటే క్రీడా కోటాలో ప్రవేశానికి, ఉద్యోగానికి అక్కరకొస్తుందని తల్లిదండ్రుల ఆశ. గెలిపించకుంటే వ్యాయామ ఉపాధ్యాయునికి మాట పడుతుంది. అందుకే బలంగా, ఎత్తుగా ఉన్న బాలురకే అవకాశం దక్కుతోంది.

ఇక్కడే చిక్కు ఉంది. ఒకే ఏడాది జనవరిలో పుట్టిన బాలుడు, డిసెంబరులో పుట్టిన బాలుడు ఒకే విభాగంలో ఆడతారు. పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా తక్కువేమీ కాదు. ముందుగా ఎదిగిన వాడిని ప్రతిభావంతుడిగా, ఆలస్యంగా ఎదిగే వాడిని పనికిరాని వాడిగా పొరబడుతున్నారు. గెలుపు యావ ముదిరితే వయసు తగ్గించి చూపే జాడ్యమూ తోడవుతుంది. దీన్ని అరికట్టేందుకే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎముకల వయసు పరీక్షను అనుసరిస్తోంది.

రహీమ్ చూపిన బాట
దీనికి సమాధానం తెలుగునేలపైనే దొరుకుతుంది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. బలహీనమైన కాలితోనే ఆడాలని, బంతిని తిప్పుకుంటూ ఒంటరిగా పరుగెత్తరాదని నియమాలు పెట్టి ప్రత్యేక పోటీలు నిర్వహించారు. రెండు కాళ్లతో ఆడటం, బంతిని త్వరగా అందించడం అలా అలవడ్డాయి. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేద కుర్రాడు తులసీదాస్ బలరామ్ శిక్షణకు వచ్చేందుకు సైకిల్ అద్దెకని రోజూ ఒక రూపాయి ఇచ్చేవారు. ఆ బలరామ్ దేశం గర్వించే ఆటగాడయ్యారు. నేర్పడానికే పెద్దపీట వేసిన రహీమ్‌కు విజయాలు తక్కువేమీ కాలేదు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది.

ఇతర దేశాల్లో..
నార్వేలో చిన్నారులకు 11వ ఏడు వచ్చేవరకు ర్యాంకులు ప్రకటించరు. జర్మనీ 2024-25 సీజన్ నుంచి 11 ఏళ్ల లోపు విభాగాల్లో పాయింట్ల పట్టికలకు స్వస్తి పలికి, చిన్న జట్లు, చిన్న మైదానాల విధానం తెచ్చింది. మన దేశంలోనూ 2018లో గోల్డెన్ బేబీ లీగ్‌లు ఇదే ఆలోచనతో మొదలయ్యాయి. కారణం సులభం. 105 మీటర్ల పొడవైన మైదానంలో ఇరవై ఇద్దరు పిల్లలుంటే ఒక్కొక్కరికి బంతి అందేది అరుదు. నలుగురు చొప్పున ఆడితే ప్రతి ఒక్కరికీ పదేపదే అందుతుంది. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు స్థలం చాలు. పాఠశాల ఆవరణలోనే రెండు మూడు ఆటలు ఒకేసారి సాగించవచ్చు.

సమతూకం ఇలా..
గెలుపు అక్కర్లేదని కాదు. ఓడిపోతే బాధపడని వాడు ఆటగాడు కాలేడు. అయితే దేనికైనా అదను ఉంటుంది.
* 12 ఏళ్ల వరకు: వచ్చిన ప్రతి ఒక్కరినీ కనీసం సగం సమయం ఆడించాలి. అన్ని స్థానాల్లోనూ మార్చి మార్చి నిలపాలి.
* 13 నుంచి 16 వరకు: స్థానం, వ్యూహం నేర్పాలి. ఆలస్యంగా ఎదిగే వారిని వదులుకోరాదు.
* 17 దాటాక: గెలుపే లక్ష్యంగా జట్టును ఎంపిక చేయవచ్చు.

తల్లిదండ్రుల పాత్రా కీలకమే. ఇంటికి వచ్చిన బిడ్డను ‘గెలిచారా’ అని కాక, ‘ఎంతసేపు ఆడావు, కొత్తగా ఏం నేర్చుకున్నావు’ అని అడగడం మేలు. నారుమడిలోనే వెన్ను కోసం వెతికే రైతు డెల్టాలో ఎక్కడా ఉండడు. పిల్లల ఆట విషయంలోనూ అదే ఓర్పు అవసరం.