పులి అడవి... చెంచుల ఇల్లు!

వారమంతా కంప్యూటర్లకు అతుక్కుపోయే గచ్చిబౌలి ఉద్యోగులు శనివారం వస్తే చాలు, 'ఎటైనా వెళ్దామా' అంటారు. పచ్చటి కొండలు చూడ్డానికి ఊటీకో కూర్గుకో పోనక్కర్లేదు. మూడు గంటలు ప్రయాణిస్తే నల్లమల వచ్చేస్తుంది! అవుటర్ రింగురోడ్డు మీదుగా తుక్కుగూడ చేరి శ్రీశైలం దారి పడితే... కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటాక మన్ననూరు చెక్‌పోస్టు. అక్కణ్నుంచి అంతా అడవే.

ఇదే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఒకప్పుడిది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో భాగం. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతల, తెలంగాణలో ఉన్న అడవి అమ్రాబాద్ రిజర్వు అయింది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. పులులూ చిరుతలతో పాటు ఎలుగుబంట్లు, దుప్పులు, కణుతులు, రేసుకుక్కలు ఇక్కడ తిరుగుతుంటాయి. ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ వాహనాల్లో సఫారీకి తీసుకెళ్తారు. కొండ అంచున నిలబడితే కింద లోయంతా కళ్లముందు పరుచుకుంటుంది. పులి కనిపిస్తుందా అంటే... అది మీ అదృష్టం!

బావమరిదే భరోసా

పులుల కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఈ అడవి మనుషుల గురించి. తరతరాలుగా చెంచులకు నల్లమలే ఇల్లు. వారి గూడేలను పెంటలంటారు. దుంపలు, పండ్లు, తేనె... అన్నీ అడవే ఇస్తుంది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు వీరి జీవితం మీద 1943లో ఏకంగా ఓ పుస్తకమే ప్రచురించాడు. కొండచరియలకు వేలాడే తేనెపట్టు కోసం చెంచు తాడు పట్టుకుని లోయలోకి దిగితే, పైన ఆ తాడు కాపలా బావమరిదిదే. తోడబుట్టినదాని పసుపుకుంకుమల్ని కాపాడుకోవాలన్న తపన అతనికి కాక ఇంకెవరికి ఉంటుంది! శ్రీశైల మల్లన్న కూడా వీరికి చెంచు మల్లన్నే, ఇంటి అల్లుడే. చైత్ర పౌర్ణమికి లోతైన లోయలో జరిగే సలేశ్వరం జాతరలో పూజారులూ వీరే.

ఉండాలా... వెళ్లాలా?

పులికి ప్రశాంతత కావాలి. అందుకే లోపలి పెంటలవారు బయటికొస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా పునరావాసం ఇస్తామంటోంది ప్రభుత్వం. పిల్లలకు బడి, జబ్బుచేస్తే ఆసుపత్రి దగ్గరవుతాయన్నది ఒక వాదన. అడవి తప్ప మరోటి తెలియనివారు బయట ఎలా బతకాలన్నది మరో ప్రశ్న. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా ఎవర్నీ కదిలించకూడదు. 2019లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు 'మా అడవి మాకే' అంటూ చెంచులు రోడ్డెక్కారు. ఆ ఏడాది సెప్టెంబరులో తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. పులుల జాడ కనిపెట్టే సిబ్బందిలోనూ, సందర్శకులకు దారిచూపే గైడుల్లోనూ చెంచులున్నారు. పులి ఉండాలన్నా ఆ కళ్లు కావాల్సిందే మరి!

వెళ్లేవారూ కొన్ని గుర్తుంచుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకూ ఈ దారిలో వాహనాలను అనుమతించరు. వానాకాలంలో సఫారీ ఉండదు కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరాలి. వేగం తగ్గించాలి. కోతులకు తిండి వేయకూడదు, ప్లాస్టిక్ పారేయకూడదు. పెంటల్లో అడక్కుండా ఫొటోలు తీయకూడదు. ఎంతైనా మనం వెళ్లేది ఇంకొకరి ఇంటికి కదా!