కందిగింజలో పుచ్చు పురుగు: ఆహారపు అలవాట్లు, జీర్ణవ్యవస్థ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వికారాబాద్ జిల్లాలోని తాండూరు ప్రాంతం కందిపంటకు ప్రసిద్ధి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే పండిన గింజ చెడకుండా నిలవ ఉన్నప్పుడే రైతు మంచి ధర కోసం వేచి ఉండగలడు. ఆ నిలవకు ప్రధాన శత్రువు పుచ్చు పురుగు. కాలోసోబ్రూకస్ ప్రజాతికి చెందిన ఈ పెంకు పురుగు గింజను ఎలా తింటుందో, ఎలా జీర్ణం చేసుకుంటుందో వివరించి, నిలవ పద్ధతులతో దానికి గల సంబంధాన్ని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

ఆహారపు అలవాట్లు

ఈ పురుగు దాడి పొలంలోనే, ముదిరిన కాయలపై గుడ్లు పెట్టడంతో మొదలవుతుంది. నిలవలో తల్లిపురుగు గుడ్లను నేరుగా గింజలపై అతికిస్తుంది. డింభకం బయట తిరగదు. గుడ్డు అంటుకున్న చోటనే పొట్టును తొలిచి లోపలికి చేరి, బీజదళాలను తింటూ పెరిగి, అక్కడే ప్యూపాగా మారుతుంది. వెచ్చని వాతావరణంలో ఈ జీవితచక్రం సుమారు నెల రోజుల్లో పూర్తవుతుంది. ప్రౌఢ కీటకానికి ఆహారం తప్పనిసరి కాదు. డింభకదశలో కూడబెట్టుకున్న పోషకాలతోనే అది గుడ్లు పెట్టగలదు. కనుక గింజపై గుండ్రని రంధ్రం కనిపించేసరికి ఆ గింజకు జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

జీర్ణవ్యవస్థ

ఇతర కీటకాలలో వలెనే దీని ఆహారనాళంలోనూ పూర్వ, మధ్య, అంత్య భాగాలు ఉంటాయి. పైన్ చెట్ల బెరడును తొలిచే పెంకు పురుగులతో పోల్చితే దీని ప్రత్యేకత స్పష్టమవుతుంది. బెరడు పురుగుల ఆహారంలో నత్రజని తక్కువ. అందువల్ల వాటిలో అనేక జాతులు శిలీంధ్రాల సాయంతో ఆ లోటును పూరించుకుంటాయి. కందిగింజలో మాంసకృత్తుల కొరత లేదు. సుమారు ఐదో వంతు అవే. ఇక్కడి అడ్డంకి వేరు. గింజలో ట్రిప్సిన్ ఎంజైమును అడ్డుకునే నిరోధకాలు ఉంటాయి.

పొలంలో కాయను తొలిచే శనగపచ్చ పురుగు క్షారగుణం గల మధ్యాహారనాళంలో ప్రధానంగా ట్రిప్సిన్ తరహా ఎంజైములతో మాంసకృత్తులను జీర్ణం చేసుకుంటుంది. కాలోసోబ్రూకస్ మాక్యులేటస్ డింభకంలో మధ్యాహారనాళం స్వల్ప ఆమ్లగుణం కలది; అక్కడ ప్రధానంగా పనిచేసేవి సిస్టీన్ ప్రోటియేజులు. ట్రిప్సిన్ నిరోధకాల గురి వీటిపై ఉండదు. అందువల్ల గింజ తన రక్షణకు దాచుకున్న ఆయుధం ఈ పురుగుపై అంతగా పనిచేయదు.

నీరు, ప్రాణవాయువు

ఎండిన గింజలో డింభకానికి తాగే నీరు దొరకదు. తిన్న ఆహారం ప్రాణవాయువుతో ఆక్సీకరణం చెందినప్పుడు ఏర్పడే నీటిపైనే అది ఎక్కువగా ఆధారపడుతుంది. గింజలను ఎండబెట్టడం అవసరమే గాని, అదొక్కటే చాలదనడానికి కారణం ఇదే. గాలి చొరని సంచిలో పురుగుల శ్వాసక్రియ వల్లనే ప్రాణవాయువు తగ్గిపోతుంది. డింభకం తినడం మానుతుంది. నీరు తయారుకాక క్రమంగా ఎండి చనిపోతుంది. అలసందల నిలవ కోసం పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రూపొందించిన మూడు పొరల సంచులు పనిచేసేది ఈ సూత్రంపైనే.

ముగింపు

పుచ్చు పురుగు బలం దాని ఎంజైములలో ఉంది. బలహీనత దాని నీటి అవసరంలో ఉంది. పురుగును తట్టుకునే కంది రకాల రూపకల్పనలో ట్రిప్సిన్ నిరోధకాలను మాత్రమే నమ్ముకోవడం సరిపోదు. రైతుస్థాయిలో మాత్రం రంధ్రాలు కనిపించేదాకా ఆగక, నూర్పిడి కాగానే గింజలను బాగా ఎండబెట్టి గాలి చొరకుండా నిలవ చేయడం శాస్త్రసమ్మతమైన మార్గం.