అన్నం పెట్టడమే చికిత్స

చనిపోయిన పన్నెండేళ్ల యాయీరు కుమార్తెను లేపిన వెంటనే, ఆమెకు ఆహారం పెట్టే పనిని యేసుప్రభువు ఇంటివారికి అప్పగించాడు (మార్కు 5:43). అద్భుతం ఆయనది, వడ్డన వారిది.

బరువు పెరుగుతానన్న భయంతో తిండి మానేసి, ఎముకల గూడుగా మారినా ‘ఇంకా లావుగానే ఉన్నాను’ అనుకునే జబ్బు అనొరెక్సియా నెర్వోసా. దీని గురించి 1874లో అచ్చయిన వ్యాసంలో లండన్ వైద్యుడు విలియం గల్, రోగిని చూసుకోవడానికి బంధువులు పనికిరారన్నాడు. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యబృందం ఆ ఆలోచనను మార్చింది. జబ్బు మొదలై మూడేళ్లు దాటని చిన్నవయసు రోగులకు కుటుంబంతో కలిపి చేసిన చికిత్సే ఎక్కువ మేలు చేసిందని 1987లో వెలువడిన వారి అధ్యయనం తేల్చింది.

ఈ చికిత్సలో తప్పెవరిదని ఎవరూ వెదకరు. ఏం తినాలో, ఎంత తినాలో మొదట్లో అమ్మానాన్నలే నిర్ణయిస్తారు. తినేవరకూ పక్కనే కూర్చుంటారు. బిడ్డ ఏడుస్తుంది, కసురుతుంది, ముద్దను దాచేస్తుంది. వారి పోరాటం జబ్బుతోనే, బిడ్డతో కాదు. బరువు కోలుకున్నాక ఆ బాధ్యతను మెల్లగా బిడ్డకే అప్పగిస్తారు. ఇందుకు నెలలు పడుతుంది. ప్రాణం మీదికొస్తే ఆసుపత్రిలో చేర్చక తప్పదు.

మన సంఘంలో ఒక బిడ్డ ఇలా చిక్కిపోతుంటే ఉపవాసమని మెచ్చుకోవద్దు, పొగరని గద్దించవద్దు. పెంపకం సరిగా లేదని తల్లిని నొప్పించవద్దు. ప్రార్థిద్దాం, వైద్యుని వద్దకు తోడు వెళ్దాం. కన్నీళ్లు దిగమింగుకుంటూ ఆ తల్లి కలిపి పెట్టే ముద్ద కూడా దేవుని పనే!