వెంట నడిచే పగ్‌కు ఎండతోనే ముప్పు

సెల్‌ఫోన్ ప్రకటనలో బాలుని వెనుకే నడిచిన చిన్న కుక్కను మనవారు ఇంకా మరువలేదు. 2003లో హచ్ సంస్థ ప్రకటన వెలువడిన తరువాత, పగ్ అనే జాతి పేరు తెలియనివారు సైతం దానిని 'హచ్ కుక్క' అనసాగారు. 2007లో సంస్థ పేరు వొడాఫోన్‌గా మారినా ఆ పిలుపు పోలేదు. ముడతల ముఖం, చుట్ట తిరిగిన తోక చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నవారు ఎందరో!

ప్రకటన చూపినది అబద్ధమేమీ కాదు. చైనా రాజకుటుంబాలలో పెరిగి, 16వ శతాబ్ది నాటికి ఐరోపా చేరిన ఈ జాతిని వేటకో, కాపలాకో కాక తోడు కోసమే పెంచుతూ వచ్చారు. అందుకే ఆరు నుంచి ఎనిమిది కిలోల బరువుండే ఈ శునకం యజమాని ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వెళుతుంది. పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది. ఒంటరిగా వదిలితే దిగులు పడుతుంది. కొత్తవారు వచ్చినా తోక ఊపి ఆహ్వానించడమే ఎక్కువ కనుక దొంగల భయంతో దీనిని కొనేవారికి నిరాశ తప్పదు. కాస్త మొండితనం, అంతకు మించిన తిండి యావ కూడా ఉన్నాయి.

చిక్కు ఆ స్వభావంలోనే ఉంది. శునకానికి మనిషివలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పినప్పుడు నోటిలో, ముక్కులో తడి ఆవిరై శరీరం చల్లబడుతుంది. మూతి నొక్కేసినట్లున్న పగ్‌కు ముక్కు రంధ్రాలు ఇరుకు, గొంతులో మెత్తని కండ ఎక్కువ. రొప్పినకొద్దీ ఆయాసమే పెరుగుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వడగాడ్పులే కాదు, కోస్తాలోని ఉక్కపోత కూడా దానికి ప్రమాదమే. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి కావడమూ మందగిస్తుంది. అయినా యజమాని నడుస్తుంటే వెనుకబడడం దానికి ఇష్టం ఉండదు. ఊపిరి అందకున్నా అడుగులు వేస్తూనే ఉండి ఒక్కసారిగా కూలబడవచ్చు.

పడుకున్నప్పుడు పెట్టే గురకను చూసి నవ్వుకుంటాం గాని, చాలా సందర్భాలలో అది శ్వాసమార్గం ఇరుకైనదనడానికి గుర్తు. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఇతర శునకాలతో పోలిస్తే పగ్‌లు ఏడాదిలో ఏదో ఒక వ్యాధికి గురయ్యే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది.

వేసవిలో పగ్‌ను తెల్లవారుజామున, లేదా నేల చల్లారిన తరువాతనే నడిపించాలి. మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే పట్టీ వాడితే గొంతు నొక్కుకోదు. బరువు పెరిగితే ఊపిరి మరింత బిగుస్తుంది కాబట్టి, ఎంత జాలిగా చూసినా అన్నం కొలిచే పెట్టాలి. ముఖం ముడతలలో తడి నిలిస్తే పుండ్లు పడతాయి. రోజూ మెత్తని గుడ్డతో తుడవాలి. నాలుక నీలిరంగుకు తిరిగినా, తూలినా క్షణం ఆగక నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీటితో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆపై పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

కొత్తగా కొనదలచినవారు పిల్ల ముఖం ఎంత చదునుగా ఉందని కాక, ముక్కు రంధ్రాలు ఎంత విశాలంగా ఉన్నాయో చూడాలి. వీలైతే తల్లిని కాసేపు నడిపించమని అడిగి, ఊపిరి చప్పుడు వినడం మంచిది.