పేస్‌మేకర్ పెట్టించుకున్నాక

వేప్పనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో గుండె జబ్బు వస్తే మనిషి మూడు రాష్ట్రాలు తిరగాల్సి రావచ్చు. కొందరు కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పోతారు. కొందరు సరిహద్దు దాటి కుప్పంలోని పీఈఎస్‌కు, ఇంకొందరు బెంగళూరు జయదేవకో వేలూరు సీఎంసీకో పోతారు. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఇంగ్లిషులో రాసిన డిశ్చార్జి కాగితం ఉంటుంది. జాగ్రత్తలు ఒకచోట తమిళంలో చెబుతారు, ఇంకోచోట కన్నడంలో చెబుతారు. ఇంట్లో మాట మాత్రం తెలుగు. ఇన్ని భాషలు దాటి వచ్చేసరికి అసలైన సంగతి ఒకటి దారిలోనే జారిపోతుంది. పేస్‌మేకర్ పెట్టింది ఒక జబ్బుకు, రోజూ మింగమన్న మాత్రల్లో చాలావరకు వేరే జబ్బుకు. ఆ తేడా తెలియకపోతే "పెట్టె పెట్టేసినారు గదా, ఇంక మాత్రలెందుకు?" అనిపించడం సహజమే. అలా మాత్రలు మానేసినవాళ్లు కొన్నాళ్లకే ఆయాసంతో మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కుతారు.

గుండెకు కండ ఉంది, ఆ కండను నడిపే కరెంటు కూడా ఉంది. కుడివైపు పైగదిలో ఉండే చిన్న కణాల ముద్ద నిమిషానికి అరవై నుంచి వంద సార్లు సంకేతం పుట్టిస్తుంది. అది రెండు పైగదులనూ కుదించి, నడుమ ఉన్న ఇంకో ముద్ద దగ్గర క్షణంలో చిన్న భాగం ఆగి, సన్నని దారుల గుండా కింది గదులకు చేరుతుంది. ఇలా గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. వయసు వల్లనో జబ్బు వల్లనో ఆ దారి తెగితే కింది గదులకు సంకేతం అందదు. నాడి ముప్ఫైకో నలభైకో పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. పేస్‌మేకర్ ఉన్నది దీనికి. మన బోరు మోటారుకు స్టార్టరు ఎలాగో గుండెకు ఇది అలాగ. స్టార్టరు కొత్తది పెట్టినంత మాత్రాన అరిగిపోయిన పంపు ఎక్కువ నీళ్లు తోడదు. కండ బలం తగ్గిపోవడం వేరే జబ్బు. డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అనేది దాన్నే. ఈ రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు, చాలామందికి ఉంటాయి కూడా.

సమస్య కరెంటు ఒక్కదానిలోనే ఉంటే పేస్‌మేకర్ ఎంత గొప్ప పని చేస్తుందో ఆర్నె లార్సన్ జీవితం చూస్తే తెలుస్తుంది. స్వీడన్‌కు చెందిన ఈయన గుండె, ఒక ఇన్ఫెక్షన్ తర్వాత రోజుకు ఎన్నోసార్లు ఆగి ఆగి కొట్టుకునేది. స్పృహ తప్పడం, మళ్లీ లేవడం. ఆయన భార్య ఎల్సె-మరీ డాక్టర్ల వెంటపడి, శరీరంలోనే అమర్చగల యంత్రం చేసిపెట్టమని పట్టుబట్టింది. ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ షూ పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి, పరికరాలన్నిటినీ జిగురులో పోతపోశాడు. 1958 అక్టోబరు 8న సర్జన్ ఓకె సెన్నింగ్ దాన్ని అమర్చాడు. అది పనిచేసింది కొన్ని గంటలే. అయినా లార్సన్ ఆ తర్వాత నలభై మూడేళ్లు బతికాడు. జీవితంలో 26 పేస్‌మేకర్లు మార్చుకున్నాడు. తనకు ప్రాణం పోసిన ఇంజినీరు, సర్జన్ ఇద్దరూ పోయాక, 2001లో, 86 ఏళ్ల వయసులో చనిపోయాడు. అదీ గుండె జబ్బుతో కాదు, చర్మ క్యాన్సర్‌తో.

ఇప్పటి పేస్‌మేకర్ బరువు ముప్ఫై గ్రాములకు అటూఇటూ. 1970లలో లిథియం బ్యాటరీ వచ్చాక ఆయుష్షు పెరిగింది. వాడకాన్ని బట్టి ఎనిమిది నుంచి పన్నెండేళ్లు నడుస్తుంది. గుండె తనంతట తాను కొట్టుకున్నంతసేపూ అది గమనిస్తూ ఊరుకుంటుంది. కొట్టుకోవాల్సిన సమయానికి కొట్టుకోకపోతేనే సంకేతం పంపుతుంది.

ఇక రెండో జబ్బు సంగతి. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తం తోడలేకపోవడం. ఆరోగ్యంగా ఉన్న ఎడమ కింది గది, తనలో నిండిన రక్తంలో సగం కంటే ఎక్కువే ప్రతిసారీ బయటికి నెడుతుంది. ఎకో పరీక్ష కాగితంలో ఈఎఫ్ అని రాసేది ఈ లెక్కే. అది నలభై శాతమో అంతకంటే తక్కువో ఉంటే కండ బాగా బలహీనపడినట్టు. కొందరికి ఈఎఫ్ బాగానే ఉన్నా కండ బిరుసెక్కి సరిగా నిండదు. అదీ ఈ జబ్బే. పాత గుండెపోటు, ఏళ్లతరబడి పట్టించుకోని బీపీ, షుగరు, చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరంతో పాడైన కవాటాలు, సారాయి, కాన్పు సమయంలో వచ్చే కండ జబ్బు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో ఇది ముసలితనం దాకా ఆగడం లేదు. 2013లో తిరువనంతపురంలో ఆసుపత్రుల్లో చేరిన 1205 మందిని నమోదు చేసి చూస్తే సగటు వయసు 61. వాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఏడాది తిరగకుండానే చనిపోయారు. వాడాల్సిన మందులన్నీ అందినవాళ్లు కొద్దిమందే.

ఇక్కడ శరీరం చేసే పొరపాటు ఒకటుంది. గుండె తక్కువ తోడితే మూత్రపిండాలకు రక్తం తక్కువ వస్తుంది. ఒంట్లో నీళ్లు కరువయ్యాయని అవి అనుకుంటాయి. లక్షల ఏళ్లుగా మనిషిని విరేచనాల నుంచి, గాయాల నుంచి, ఎండ నుంచి కాపాడిన తెలివే అది. వెంటనే ఉప్పును, నీటిని పట్టి ఉంచే హార్మోన్లను పురమాయిస్తాయి. ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. అసలే అలసిన గుండె మీద ఇంకా బరువు పడుతుంది. నిలిచిపోయిన నీరు కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉండిపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, రెండు దిండ్లు మూడవుతాయి. నడిరేయి ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. పేస్‌మేకర్ వీటిలో దేన్నీ ఆపలేదు. నాడి డెబ్బై మీద చక్కగా నడుస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం నీటిలో మునుగుతూ ఉంటాడు.

మాత్రలు పనిచేసేది ఈ పొరపాటు మీద. లాసిక్స్‌లాంటి మూత్రం మాత్ర నీటిని బయటికి పంపి హాయినిస్తుంది. ఆయుష్షు పెంచేవి మాత్రం వేరే నాలుగు రకాలు. ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతివి లేదా వాటికన్నా కొత్తదైన సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ మొదటి రకం. స్పైరనోలాక్టోన్‌లాంటివి ఇంకో రకం. మూడో రకమైన బీటా బ్లాకర్లది ఆసక్తికరమైన కథ. గుండె వేగాన్ని, బిగువును తగ్గించే మందును నీరసించిన గుండెకు ఇవ్వడం ఒకప్పుడు పెద్ద తప్పు. 1975లో స్వీడన్‌లోనే, గోథెన్‌బర్గ్‌లో, ఫిన్ వాగ్‌స్టీన్ బృందం ఏడుగురు రోగులకు ధైర్యం చేసి ఇచ్చి చూసింది. వాళ్లు కోలుకున్నారు. వైద్యలోకం నమ్మడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఇప్పుడు అదే ఈ చికిత్సకు మూలస్తంభం. నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్. షుగరు జబ్బుకు తయారైన మందు ఇది. షుగరు లేనివాళ్లకూ గుండె బలహీనతలో మేలు చేస్తుందని 2019లో పెద్ద అధ్యయనం తేల్చింది. "నాకు షుగరు లేదే, షుగరు మాత్ర రాసినారే" అని దాన్ని పక్కన పెట్టేయకండి. 2020లో మన దేశంలో పేటెంటు ముగిశాక దాని ధర బాగా దిగింది కూడా.

బీటా బ్లాకర్ నాడిని తగ్గిస్తుంది. నాడి ముందే మందగించిన మనిషికి దాన్ని తగినంత ఇవ్వడానికి డాక్టరు వెనకాడాల్సి వస్తుంది. పేస్‌మేకర్ ఉంటే నాడి ఒక గీత దాటి కిందికి పడదు కాబట్టి ఆ మందును ధైర్యంగా పెంచవచ్చు. అంటే పెట్టె పెట్టాక మాత్రల అవసరం తీరిపోదు, వాటిని పూర్తి మోతాదులో వాడే వీలు కలుగుతుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. మామూలు పేస్‌మేకర్ తీగ కుడి కింది గదిలో ఆనుకుని ఉంటుంది. అక్కడ పుట్టిన సంకేతం సహజమైన దారిలో కాక, కండలోనుంచి మెల్లగా ఎడమవైపుకు పాకుతుంది. ఎడమ గది గోడలు రెండూ ఒకేసారి కుదించుకోవు, ఒకటి ముందు, ఒకటి వెనక. గుండె ఎక్కువభాగం పేస్‌మేకర్ మీదే నడిచేవాళ్లలో నూటికి పది ఇరవై మందికి కొన్నేళ్లలో ఇదే కండ బలహీనతకు దారితీయవచ్చు. అందుకే పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కొత్తగా ఆయాసం వస్తే వయసు మీద నెట్టేసి ఊరుకోకూడదు, ఎకో తీయించుకోవాలి. దీనికి విరుగుడు ఉంది. ఎడమ గది వెలుపలి గోడకు ఇంకో తీగ చేర్చి రెండు వైపులా ఒకేసారి సంకేతం ఇచ్చే సీఆర్‌టీ పరికరానికి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. తగిన రోగులను ఎంచుకుని పెడితే అది ఈఎఫ్‌ను పెంచుతుంది, ఆయుష్షునూ పెంచుతుంది. ఇంకా కొత్త పద్ధతిలో తీగ కొసను గుండె నడిమి గోడలోకి దించి, సహజమైన ఎడమ దారినే పట్టుకుంటారు. 2017లో చైనా వైద్యులు మొదట ప్రకటించిన ఈ విధానం మీద మన మదురై వైద్యులు కూడా అంతర్జాతీయ పత్రికల్లో పరిశోధనలు ప్రచురించారు. పేస్‌మేకర్ పెట్టించుకోబోయేవాళ్లు, ఈఎఫ్ ముందే తక్కువగా ఉంటే, తమకు ఏ రకం సరిపోతుందని డాక్టరును అడిగి తీరాలి.

ఇంట్లో చేయాల్సిన పనుల్లో అన్నిటికంటే విలువైనది బరువు చూసుకోవడం. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు చూసి, క్యాలెండరు మీద ఆ తేదీ పక్కనే రాసుకుంటే చాలు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, కొవ్వు కాదు, నీరు. ఆయాసం ముదరకముందే డాక్టరుకు చెబితే మూత్రం మాత్ర మోతాదు మార్చి సరిచేస్తారు. చాలాసార్లు ఆసుపత్రిలో చేరే అవసరమే రాదు.

ఉప్పు గురించి అందరూ చెబుతారు కాని ఎక్కడ తగ్గించాలో చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, చాలంటుంది. మన రాగి సంగటిలో తప్పేమీ లేదు. పితికిపప్పు చారు కూడా ఉప్పు తగ్గించి వండుకుంటే మంచి తిండే. చేటు చేసేవి సంగటి పక్కన చేరే మామిడికాయ ఊరగాయ, ఎండుచేపలు, అప్పడాలు, బేకరీ సరుకులు. ఇంకో హెచ్చరిక. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ వాడేవాళ్లకు, మూత్రపిండాలు బలహీనమైనవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయే తప్పుతుంది. డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడవద్దు. ఎండాకాలంలో వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం మూత్రం మాత్ర సంగతి అదేరోజు ఫోన్‌లోనైనా అడగాలి.

పొలం పని చేసేవాళ్లకు మోకాళ్ల నొప్పులు తప్పవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి గుండె జబ్బును ముదిరిస్తాయి. నెలలపాటు కుదురుగా ఉన్న మనిషిని కూడా కొద్దిరోజుల్లో ఆసుపత్రి పాలు చేయగలవు. ఈ ఒక్క సంగతిని మందుల షాపుల వాళ్లయినా పట్టించుకుంటే ఎంతో మేలు.

కరెంటు విషయంలో ఉన్న భయాల్లో చాలావరకు అనవసరం. టీవీ, ఫ్రిజ్, మిక్సీ, సరైన ఎర్తింగు ఉన్న మోటారు స్టార్టరు వల్ల పేస్‌మేకర్‌కు ఏమీ కాదు. సెల్‌ఫోను ఎడమ జేబులో పెట్టుకోకుండా, పెట్టెకు జానెడు దూరంలో ఉంచితే చాలు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల ఎడం కావాలి. ఒంటినొప్పులు పోతాయని అమ్మే అయస్కాంతపు పరుపుల జోలికి పోకండి. హోసూరు ఫ్యాక్టరీల్లో వెల్డింగు చేసేవాళ్లు పనిలోకి తిరిగి వెళ్లేముందు డాక్టరుతో విడిగా మాట్లాడాలి. ఏనుగులకు, అడవిపందులకు అడ్డంగా పొలాల చుట్టూ వేసే కరెంటు కంచెకు దూరంగా ఉండాలి. ఆ షాకు పేస్‌మేకర్‌ను క్షణకాలం తికమక పెట్టవచ్చు. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే పేస్‌మేకర్ ఉందని ముందే చెప్పాలి. కొత్త రకాలకు జాగ్రత్తలతో తీయవచ్చు.

అసలు గుండె బలహీనతను మొదట్లోనే ఆపేది మాత్రం ఊళ్లోనే. తమిళనాడు ప్రభుత్వపు ఇంటింటికీ వైద్యం పథకం, మక్కళై తేడి మరుత్తువం, 2021 ఆగస్టు 5న మొదలైంది ఈ కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగరు మాత్రలు గడప దగ్గరికే తెచ్చిచ్చే పథకమిది. ఆ రెండు జబ్బులూ అదుపులో ఉంటే బలహీనపడే గుండెలు తగ్గుతాయి. ఇంటికి వచ్చిన కార్యకర్తను బీపీ చూడమని అడగండి, కాళ్ల వాపు ఉంటే చూపించండి, సిగ్గుపడకండి.

పెద్దలను వేధించే భయం ఒకటుంది, పేస్‌మేకర్ ఉంటే ప్రాణం పోదేమో అని. అది నిజం కాదు. చనిపోతున్న కండ సంకేతం అందినా కదలదు. దహనం చేసేవాళ్లు మాత్రం ముందుగా ఆసుపత్రికి చెప్పి పేస్‌మేకర్ తీయించాలి, మంటలో లిథియం బ్యాటరీ పేలుతుంది.

పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఒక కార్డు ఇస్తారు. కంపెనీ పేరు, మోడలు, పెట్టిన తేదీ, తీగల వివరాలు దాని మీద ఉంటాయి. ఒక కంపెనీ పెట్టెను ఇంకో కంపెనీ యంత్రంతో పరీక్షించలేరు. కాబట్టి రాత్రిపూట ఏ ఊరి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా ఆ కార్డే ముందు కావాలి. దాన్నీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీనీ ఫోటో తీసి, ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఈరోజే పెట్టుకోండి.